నల్లనివన్నీ ఒకే మందు కావు

నాటు తుపాకీలో పోసే పొడికి ఇంగ్లిషులో ఉన్న పేరును మాటకు మాట తెలుగులోకి తెస్తే 'నల్లమందు' అవుతుంది. కానీ ఆ మాటను మన భాష ఎప్పుడో గసగసాల కాయ నుంచి తీసే మత్తు పదార్థానికి ఇచ్చేసింది. అందుకే దీన్ని 'తుపాకి మందు' అన్నాం. ఊళ్లలో అయితే ఉత్త 'మందు' అంటే సరిపోతుంది. క్వారీలో బండను పగలగొట్టేది మందే, దీపావళి చిచ్చుబుడ్డిలో కూరేది మందే, పొలంలోకి వచ్చే అడవి పందిని బెదరగొట్టడానికి తుపాకీలో దట్టించేదీ మందే. పేరు ఒకటి కావడంతో వస్తువూ ఒకటే అనుకోవడం తేలిక. ప్రాణాల మీదికి వచ్చేది సరిగ్గా అక్కడే.

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్ నుంచి వచ్చే వార్తలు చదివేవారికి 'భర్మార్' అనే మాట కొత్త కాదు. హిందీలో 'భర్' అంటే నింపు, 'మార్' అంటే కొట్టు. గొట్టం మూతిలోంచి మందు పోసి, పైన గుడ్డో కాగితమో కూరి, ఇనుప గుళ్లు వేసి, పొడవాటి కడ్డీతో దట్టించి పేల్చే తుపాకీ అది. మన ఏజెన్సీ గ్రామాల్లో నాటు తుపాకీ అనేది కూడా ఇదే. బస్తర్ అడవుల్లో సోదాలు జరిగినప్పుడు దొరికే ఆయుధాల జాబితాల్లో ఇది తరచూ కనిపిస్తుంది. ఎన్ని తుపాకులు దొరికాయో పత్రికల్లో అంకెలతో సహా వస్తుంది. వాటితోపాటు సీసాల్లో, డబ్బాల్లో, ప్లాస్టిక్ సంచుల్లో దొరికే నల్లటి పొడి గురించి మాత్రం ఒక ముక్కతో సరిపెడతారు. అసలు తుపాకీ కన్నా జాగ్రత్తగా చూడాల్సింది ఆ పొడినే అని నా వాదన. ముఖ్యంగా ఒక డబ్బాలోది మరో డబ్బాలోకి ఒంపకూడదు, రెండు రకాలను ఎప్పుడూ కలపకూడదు. ఈ ఒక్క నియమం వెనక ఉన్న సైన్సు సామాన్యులకు చేరితే చాలా చేతులు, కళ్లు, ప్రాణాలు దక్కుతాయి.

ఇంట్లో రెండు డబ్బాల్లో కొంచెం కొంచెం బియ్యం మిగిలితే ఒకే డబ్బాలో పోస్తాం. పాత బియ్యం, కొత్త బియ్యం కలిస్తే అన్నం మధ్యస్తంగా ఉడుకుతుంది. నష్టమేమీ లేదు. ఈ పొదుపు బుద్ధే మందు దగ్గరా పనిచేస్తుంది. బలమైన మందుకు బలహీనమైన మందు కలిపితే మధ్యస్తమైన మందు వస్తుందని లెక్క వేస్తుంది. ఆ లెక్క తప్పు. ఎందుకు తప్పో చూద్దాం.

మిశ్రమం అంటే ఏమిటి?

తుపాకి మందు ఒక రసాయన సమ్మేళనం కాదు. మూడు వేర్వేరు పదార్థాల మెత్తటి కలయిక. సురేకారం, అంటే పొటాషియం నైట్రేట్, మంటకు కావలసిన ఆక్సిజన్‌ను తన అణువుల్లోనే దాచుకుని ఉంటుంది. బొగ్గు ఇంధనం. గంధకం కూడా కాలుతుంది, పైగా తక్కువ వేడికే అంటుకుని మిగతా రెండింటినీ లేపుతుంది. మామూలు మంటకు బయటి గాలి కావాలి. ఈ మందుకు అక్కర్లేదు. అందుకే నలువైపులా మూసి ఉన్న గొట్టంలో కూడా మండుతుంది.

1875లో ఆండ్రూ నోబుల్, ఫ్రెడరిక్ ఏబెల్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రజ్ఞులు గట్టి ఉక్కు పాత్రల్లో ఈ మందును మూసి పేల్చి, మిగిలిన దాన్ని తూచి చూశారు. బరువులో సుమారు 43 శాతమే వాయువుగా మారింది. మిగతా 57 శాతం ఘనపదార్థంగా, అంటే పొగగానూ గొట్టానికి అంటుకునే మసిగానూ తేలింది. గుండును తోసేది ఆ 43 శాతం వేడి వాయువే. ఆ వాయువు మొత్తం ఎంత పుట్టింది అనేదానికన్నా ఎంత త్వరగా పుట్టింది అనేది ముఖ్యం. గుండు ముందుకు కదిలి చోటు ఇచ్చేలోపే వాయువంతా పుట్టుకొస్తే ఆ ఒత్తిడి గొట్టం గోడల మీద పడుతుంది.

ఎంత త్వరగా పుడుతుందో నిర్ణయించేవి చాలా ఉన్నాయి. మూడు పదార్థాల పాళ్లు, అవి ఎంత సన్నగా నూరుకున్నాయి, ఎంత తేమ పట్టాయి, బొగ్గు ఏ కట్టెది, పలుకు ఎంత పెద్దది, ఎంత గట్టిది. బొగ్గు సంగతే తీసుకుంటే ఐరోపాలో విల్లో, ఆల్డర్ వంటి మెత్తటి కట్టెలను ఏరి మరీ కాల్చేవారు. మన దేశంలో కంది పుల్లల బొగ్గుకు ఈ పనిలో పేరుండేది. బొగ్గులన్నీ చూపుకు ఒకే నలుపు. కాలే తీరు మాత్రం దేనిది దానిదే. ఎక్కడో ఎవరో నూరిన పొడిని చేతిలోకి తీసుకుని చూస్తే ఇందులో ఏ ఒక్కటీ కంటికి కనిపించదు.

పలుకులో ఉన్న గుట్టు

మొదట్లో తుపాకి మందు పిండిలా ఉండేది. బండి మీద వేసి దూరం తీసుకెళ్తే కుదుపులకు మూడు పదార్థాలూ విడిపోయేవి. పదిహేనో శతాబ్దంలో ఐరోపాలో దీనికో ఉపాయం దొరికింది. పొడిని తడిపి ముద్ద చేసి, ఆరాక పగలగొట్టి, జల్లెడ పట్టి పలుకులుగా చేశారు. దానితో రెండు లాభాలు కలిగాయి. ప్రతి పలుకులోనూ మూడు పదార్థాలూ కలిసే ఉంటాయి కనుక విడిపోవు. పలుకుల మధ్య సందులుంటాయి కనుక నిప్పు ఆ సందుల్లోంచి ఒక్క క్షణంలో మొత్తం పాకుతుంది.

పలుకు ఎంత పెద్దది అనే ప్రశ్న అక్కడినుంచే మొదలైంది. పలుకు పైనుంచి లోపలికి కాలుతుంది. కాబట్టి ఉపరితలం ఎంత ఎక్కువైతే అంత వేగంగా వాయువు పుడుతుంది. ఒక సెంటీమీటరు ఘనానికి ఆరు ముఖాలు, మొత్తం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్ని ఒక మిల్లీమీటరు ఘనాలుగా కోస్తే 1,000 ముక్కలవుతాయి, వాటి ఉపరితలం 60 చదరపు సెంటీమీటర్లు. బరువు మారలేదు, పదార్థం మారలేదు. కాలే ముఖం మాత్రం పది రెట్లయింది.

అందుకే ఫ్యాక్టరీలు తుపాకి మందును జల్లెడ కొలతను బట్టి వేరు చేసి అమ్ముతాయి. ఇంగ్లిషు అక్షరం 'ఎఫ్' ఎన్నిసార్లు ఉంటే పలుకు అంత సన్నం. రెండు ఎఫ్‌ల రకం లావుపాటి గొట్టాలకు, మూడు ఎఫ్‌ల రకం సన్న గొట్టాలకు, నాలుగు ఎఫ్‌ల రకం చెకుముకి తుపాకీలో నిప్పు అందుకునే చిన్న పళ్లానికి. మన వంటింట్లో ఉప్మా రవ్వ, ఇడ్లీ రవ్వ, పిండి వేరువేరు డబ్బాల్లో ఉన్నట్టే అన్నమాట. ఇడ్లీకి పిండి వాడితే ఇడ్లీ పాడవుతుంది, అంతే. ఇక్కడ పాడయ్యేది మనిషి.

కలిపితే ఏమవుతుంది?

ఇప్పుడు రెండు రకాలను ఒక డబ్బాలో పోశామనుకుందాం. మూడు సంగతులు జరుగుతాయి. మూడూ కంటికి కనిపించనివే.

మొదటిది కొలత మోసం. తుపాకి మందును తరతరాలుగా తూచి కాదు, కొలిచి వాడుతున్నారు. చిన్న గొట్టమో కొమ్ము మూతో కొలపాత్ర. ఒక సోలలో గోళీలు నిండుగా పోసి చూడండి. గోళీల మధ్య మూడో వంతుకు పైగా ఖాళీయే. ఇప్పుడు పైనుంచి సన్న ఇసుక పోస్తే అది ఆ ఖాళీల్లోకి జారిపోతుంది. సోల అదే సోల, బరువు మాత్రం చాలా పెరిగింది. పెద్ద పలుకులకు సన్నపొడి కలిస్తే జరిగేదీ ఇదే. ఎప్పటి కొలతే పోశానని అనుకునే మనిషి నిజానికి ఎక్కువ మందు పోశాడు. పైగా సందులు పూడుకుపోవడంతో నిప్పు పాకే దారులూ మారిపోయాయి. ఇలాంటి మందు ఒకసారి మందకొడిగా, మరోసారి విపరీతంగా పేలవచ్చు. ఏది ఎప్పుడో ముందుగా చెప్పలేం.

రెండోది విడిపోవడం. చేటలో బియ్యం కుదిపితే నూకలు ఒకవైపు చేరతాయని చేట పట్టిన ప్రతి చేతికీ తెలుసు. కుదపడం అనేది కలపడానికి కాదు, వేరు చేయడానికి మనం కనిపెట్టుకున్న పద్ధతి. డబ్బాలోనూ అంతే. కదిలినప్పుడల్లా సన్నపలుకులు సందుల్లోంచి కిందికి జారతాయి, పెద్దవి పైకి తేలతాయి. కొండదారిలో ఒక రోజు నడిస్తే చాలు, పొద్దున కలిపిన మందు సాయంత్రానికి అడుగున ఒకటి, పైన ఒకటి. మొదటిసారి వంచినప్పుడు వచ్చే మందు, చివర్లో వచ్చే మందు ఒకటి కావు. పైపైన తీసి పరీక్షించి 'బాగానే ఉంది' అనుకున్నవాడికి అడుగున ఉన్నదాని సంగతి తెలియదు.

మూడోది ఒత్తిడి. సగటు లెక్క చెల్లకపోవడానికి అసలు కారణం ఇదే. 1742లో బెంజమిన్ రాబిన్స్ వేలాడే బరువైన చెక్క దిమ్మెలోకి గుండు పేల్చి, దిమ్మె ఎంత ఊగిందో చూసి గుండు వేగాన్ని లెక్కకట్టాడు. అప్పటిదాకా అంచనాగా ఉన్న విద్య కొలతల శాస్త్రమైంది. ఆ తరవాత శతాబ్దానికి అమెరికా సైనికాధికారి థామస్ రాడ్మన్ ఫిరంగి గొట్టం లోపలి ఒత్తిడినే కొలిచే సాధనం తయారుచేశాడు. పెద్ద ఫిరంగులు పగిలిపోతున్నది మందు మొత్తం ఎక్కువై కాదని, మొదటి క్షణంలోనే ఎక్కువ కాలిపోవడం వల్లనని తేల్చాడు. అందుకు ఆయన చూపిన దారి పలుకును మరింత పెద్దది చేయడం. గొట్టం తట్టుకోవాల్సింది మధ్యస్త ఒత్తిడిని కాదు, శిఖరాన్ని. ఏటి సగటు లోతు మోకాలి బంటి అని దిగినవాడు మునిగేది సగటులో కాదు, గుంటలో.

కనిపించే నలుపు, కనిపించని తేడా

ఇంతవరకూ చెప్పింది రెండూ నిజమైన తుపాకి మందులే అయినప్పటి మాట. ఒకే ఫ్యాక్టరీలో తయారైన, పేరూ రకమూ తెలిసిన రెండు మందులు కలిస్తే గొట్టం పగలకపోవచ్చు, గురి మాత్రమే చెడవచ్చు. పశ్చిమ దేశాల్లో పాత తుపాకులతో గురి పోటీలాడే అనుభవజ్ఞులు ఈ మాట అంటారు, అందులో నిజముంది. ఫ్యాక్టరీలు కూడా వేర్వేరు దఫాల మందును కలిపే అమ్ముతాయి కదా అని అడగవచ్చు. కలుపుతాయి. కానీ ప్రతి దఫాను తూచి, తేమ చూసి, పరీక్షా గొట్టంలో పేల్చి, ఒత్తిడి కొలిచి, ఆ అంకెల ఆధారంగా కలుపుతాయి. కొలిచి కలపడం ఒక పని, మిగిలిందని కలపడం మరో పని. రెండింటినీ ఒకే మాటతో పిలవడం వల్ల రెండోదానికి అక్కర్లేని ధైర్యం వస్తోంది.

అడవి గ్రామంలో దొరికే నల్లపొడికి ఆ పుట్టుపూర్వోత్తరాలేమీ ఉండవు. అది మూడు పదార్థాల పాత మందే అనే నమ్మకమూ లేదు. 1884లో ఫ్రాన్స్‌కు చెందిన పాల్ వియే నైట్రోసెల్యులోజ్‌తో పొగరాని మందు కనిపెట్టాడు. ఈనాటి తూటాల్లో ఉండేది దాని సంతతే. దానికి గ్రాఫైట్ పూత పూస్తారు కనుక అదీ నల్లగానే మెరుస్తుంది. కానీ దాని స్వభావం వేరు. పాత మందు కాలే వేగం ఒత్తిడితో కొంతే పెరుగుతుంది. పొగరాని మందు ఒత్తిడి పెరిగేకొద్దీ మరింత జోరుగా కాలుతుంది, ఆ జోరు మళ్లీ ఒత్తిడిని పెంచుతుంది. విప్పిన తూటా లోని పొడి నాటు తుపాకీ గొట్టంలోకి వెళ్తే ఏమవుతుందో చెప్పడానికి శాస్త్రజ్ఞుడు అక్కర్లేదు.

అంతకన్నా మోసకారి క్లోరేట్. దీని కథ 1788లో పారిస్ దగ్గరి ఎస్సోన్‌లో మొదలైంది. సురేకారం బదులు పొటాషియం క్లోరేట్ వాడితే మరింత బలమైన మందు వస్తుందని రసాయన శాస్త్రజ్ఞుడు బెర్తొలే తలచాడు. ఆ ఏడాది అక్టోబర్ 27న ప్రయోగం చూడటానికి లావోయిజే దంపతులు కూడా వచ్చారు. మందు నూరుతుండగా మిల్లు పేలింది. ఇద్దరు అక్కడికక్కడే చనిపోయారు. లావోయిజే కొద్ది దూరంలో ఉండటంతో బతికాడు. ఆధునిక రసాయన శాస్త్రానికి తండ్రి అనదగినవాడి సమక్షంలో, ఆనాటి మేటి రసాయనజ్ఞుల చేతుల్లోనే ఇలా జరిగింది. క్లోరేటు, గంధకం కలిసిన చోట రాపిడికే నిప్పు పుడుతుంది. అందుకే మన కేంద్ర ప్రభుత్వం 1992లో పేలుడు పదార్థాల చట్టం కింద ఈ రెండూ కలిసిన మిశ్రమం తయారీని, దగ్గర ఉంచుకోవడాన్ని, దిగుమతిని నిషేధించింది.

నిషేధం కాగితం మీద స్పష్టంగా ఉంది. కానీ అగ్గిపుల్లల తలల్లో క్లోరేటు ఉందని, తుపాకి మందులో గంధకం ఉందని, ఈ రెండూ ఒక డబ్బాలో కలిస్తే ఎస్సోన్ మిల్లే మళ్లీ తయారవుతుందని ఎంతమందికి తెలుసు? పాఠ్యపుస్తకంలో పొటాషియం క్లోరేట్‌ను ఆక్సిజన్ తయారీకి వాడే పదార్థంగా చదువుకుంటాం. అది ఎవరితో చేరకూడదో చదవం.

వీటన్నిటిమీదా వాన ఉంది. రాయ్‌పూర్ నుంచి బస్తర్ దాకా, అటునుంచి మన ఏజెన్సీ దాకా నాలుగు నెలలు గాలి నిండా తేమే. సురేకారం నీళ్లలో కరుగుతుంది. తడిసిన మందు ఆరితే అది మరో చోట స్ఫటికంగా తేలుతుంది. పాళ్లు చెదిరిపోతాయి. ఒకే డబ్బాలోని మందు కూడా ఒక వానాకాలం తరవాత ఒకే మందు కాదు. తడిసింది కనుక చచ్చిపోయిందనీ అనుకోకూడదు. 2013లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో తుప్పు శుభ్రం చేయడానికి తెరిచిన పద్దెనిమిదో శతాబ్దపు ఫిరంగిలో గుండుతోపాటు ముప్పావు కిలోకు పైగా మందు దట్టించి ఉంది. నిపుణులను పిలిచి దాన్ని తొలగించాల్సి వచ్చింది. 2018లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా నగర కోటలో ఒక ఎండిన బావిలో టిప్పు సుల్తాన్ కాలానివిగా చెప్పే 1,000కి పైగా యుద్ధ రాకెట్లు మందుతో సహా బయటపడ్డాయి. కాలం మందును మార్చగలదు, మచ్చిక చేయలేదు.

రాయ్‌పూర్ చెప్పే చరిత్ర

మందు నిర్ణయాన్ని వాడేవాడి చేతిలోంచి తప్పించాలని సైన్యాలు ముందే గ్రహించాయి. 1857 తిరుగుబాటుకు నిప్పు రాజేసిన ఎన్‌ఫీల్డ్ తూటా అలాంటిదే. కొవ్వు పూత వల్ల అది చరిత్రకెక్కింది కానీ సాంకేతికంగా చూస్తే ఒక కాగితం గొట్టంలో ఒక గుండు, దానికి సరిపడా కొలిచిన ఒకే రకం మందు. సిపాయి కొలవక్కర్లేదు, కలపక్కర్లేదు. కాగితం చింపి మూతిలో పోస్తే చాలు.

ఆ తిరుగుబాటు రాయ్‌పూర్‌నూ తాకింది. సోనాఖాన్ జమీందారు నారాయణ్ సింగ్‌ను 1857 డిసెంబర్ 10న రాయ్‌పూర్‌లో ఉరితీశారు. తరవాత నెల, 1858 జనవరి 18న, అక్కడి మూడో పటాలానికి చెందిన హనుమాన్ సింగ్ సార్జెంట్ మేజర్ సిడ్వెల్‌ను చంపి తిరుగుబాటు లేవదీశాడు. నాలుగు రోజులకు 17 మందిని ఉరితీశారు. హనుమాన్ సింగ్ దొరకలేదు. ఆయన ఉద్యోగం మ్యాగజీన్ లష్కర్, అంటే మందుగుండు గిడ్డంగి మనిషి. ఆనాటి మ్యాగజీన్‌లో పీపాలు వేరువేరుగా ఉండేవి. ఏది ఎక్కడిది, ఏ రకం అనేది రాసి ఉంచడం ఆ కొలువులో భాగం. నూట అరవై ఏళ్ల కిందటి కంటోన్మెంటుకు తెలిసిన క్రమశిక్షణను నేడు పట్టుబడిన మందు విషయంలో అడగడం అత్యాశ కాదు.

నేడు చేయాల్సింది

ఈ మాట ఇప్పుడే ఎందుకంటే ఆయుధాలు పెద్ద సంఖ్యలో అడవి నుంచి బయటికి వస్తున్న కాలమిది. 2025 అక్టోబర్ 17న జగదల్‌పూర్‌లో 210 మంది మావోయిస్టులు లొంగిపోయినప్పుడు 153 ఆయుధాలు అప్పగించారు. వాటిలో 41 సింగిల్ షాట్, 12 బోర్ తుపాకులు. తుపాకీని గోడకు ఆనించి ఫొటో తీయవచ్చు, నంబరు వేయవచ్చు. ఇలాంటి అప్పగింతల్లో, సోదాల్లో వాటి వెంట వచ్చే మందుకు ఆ సౌకర్యం లేదు. ఒక పోలీసు స్టేషన్‌కు పదిచోట్ల నుంచి పది పొట్లాలు వస్తే, జాగా కలిసివస్తుందని ఒక్క బకెట్లో పోయాలనిపించడం మానవ సహజం. ఆ క్షణానికి అడ్డుపడేది ఒక రాతపూర్వక నియమమే.

స్వాధీనం చేసుకున్న పేలుడు పదార్థం ఎంత ప్రమాదకరమో 2025 నవంబర్ 14 రాత్రి శ్రీనగర్‌లోని నౌగామ్ పోలీసు స్టేషన్ చూపించింది. నమూనాలు తీస్తుండగా జరిగిన పేలుడులో తొమ్మిది మంది చనిపోయారు. వారిలో ఫోరెన్సిక్ సిబ్బంది కూడా ఉన్నారు. అక్కడున్నది తుపాకి మందు కాదు, వేరే రసాయనాలు. కానీ పాఠం ఒకటే. శిక్షణ ఉన్న చేతులకే అలా జరిగితే, శిక్షణ లేని ఠాణాలో తెలియని పొడిని ఒక సీసాలోంచి మరో సీసాలోకి ఒంపడం ఎంత సాహసం!

కనుక మొదటి నియమం ఇలా ఉండాలి: ఏ పాత్రలో దొరికిన మందు ఆ పాత్రలోనే, విడిగా, దొరికిన చోటు రాసిన చీటీతో, నిపుణులు వచ్చేదాకా కదపకుండా ఉండాలి. పరీక్షకు తీసేది అత్యల్పం. మిగతాది బాంబు నిర్వీర్య బృందం చేతిలో అక్కడికి దగ్గర్లోనే నాశనం కావాలి. రాయ్‌పూర్‌లోని రాష్ట్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల, నాగపూర్ కేంద్రంగా పనిచేసే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ కలిసి ఒక పేజీ సూచన తయారుచేసి ప్రతి ఠాణా గోడకు అంటించవచ్చు. దానికి పెద్ద ఖర్చు లేదు.

రెండోది గ్రామం. నాటు తుపాకీ ఉన్న ప్రతి ఇల్లూ నేరస్థుడి ఇల్లు కాదు. 1959 ఆయుధాల చట్టంలోని 13వ సెక్షనే పంట రక్షణకు మూతి నుంచి నింపే తుపాకీని గుర్తించి, దానికి లైసెన్సు ఇవ్వాలని చెబుతోంది. లైసెన్సు తుపాకీకి ఇచ్చి, మందు ఎక్కడ దొరుకుతుందో రైతు వెతుక్కోవాల్సి వస్తే, అతను బాణసంచా విప్పుతాడు, అగ్గిపుల్లలు గీకుతాడు, పక్కవాడి దగ్గర మిగిలింది కలుపుతాడు. ప్రమాదాన్ని పెంచేది ఈ ఖాళీయే. ఇంట్లో ఉన్న పాత మందును శిక్ష భయం లేకుండా అప్పగించే వీలు ఉండాలి. 'మీరు తీసుకురావద్దు, చెబితే మేమే వస్తాం' అనే భరోసా ఉండాలి. ఆ మాట గోండిలో, హల్బీలో, దోర్లీలో, కోంటా భోపాల్‌పట్నం వైపు తెలుగులో చెప్పాలి. రాయ్‌పూర్ హిందీ ప్రకటన అబూజ్‌మాడ్ గుడిసె దాకా నడిచివెళ్లదు.

మూడోది మనలాంటి సైన్సు పాఠకుల పని. పేలుడు పదార్థాల గురించి మాట్లాడితే తయారీ నేర్పినట్టవుతుందనే భయంతో మన సైన్సు రచన ఈ విషయాన్ని వదిలేసింది. తయారీ చెప్పనక్కర్లేదు. పలుకులు ఎందుకు విడిపోతాయో, సన్నం లావు కలిస్తే బరువు ఎందుకు మారుతుందో, సగటు ఎందుకు మోసం చేస్తుందో చెప్పడానికి నిప్పు అసలే అక్కర్లేదు. రాయ్‌పూర్‌లోని ప్రాంతీయ విజ్ఞాన కేంద్రంలోనైనా, విశాఖలోని ఏ బడిలోనైనా ఒక గాజు సీసా, కొంచెం ఉప్మా రవ్వ, కొంచెం శనగలు ఉంటే చాలు. కలిపి, కుదిపి, పిల్లల ముందు పెట్టండి. ఏది పైకి వచ్చిందో వాళ్లే చెబుతారు. ఆ తరవాత ఒక్క ప్రశ్న అడగండి: ఇది తినేది కాకుండా పేలేది అయితే?

ఇదే పాఠం తెలుగునాట బాణసంచా షెడ్లకూ అవసరం. 2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో బాణసంచా తయారీ కేంద్రంలో పేలుడు జరిగి ఎనిమిది మంది మరణించారు. ఇలాంటి ప్రతి ప్రమాదం తరవాత లైసెన్సు ఉందా లేదా అని అడుగుతాం. అడగాల్సిందే. దానితోపాటు ఆ షెడ్లో పనిచేసే మనిషికి తన చేతిలో ఏమున్నదో, అది దేనితో చేరకూడదో ఎవరైనా చెప్పారా అని కూడా అడగాలి.

తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్లు అనుకునే అమాయకుణ్ణి చూసి మన సామెత నవ్వుతుంది. నీళ్ల విషయంలో ఆ అమాయకత్వానికి క్షమాపణ ఉంది. మందు విషయంలో లేదు. తెలియని నల్లపొడి కనిపిస్తే తెరవకండి, ఒంపకండి, కలపకండి. 100కో 112కో ఫోన్ చేసి, దూరంగా నిలబడండి.